ఓబులేసు చూపిన జలపాతం

మా బావమరిది ఎర్రిస్వామికి ముప్పై దాటినా పెళ్ళి కాకపోవడానికి వాడి ముఖం కారణం కాదు, జాతకం కూడా కాదు. నీళ్ళు. వాడి ఊరు గుట్టకిందపల్లి. గోరంట్ల దాటాక బస్సు దిగి, దిగినందుకు చింతిస్తూ ఎండలో నడుస్తూ పోతే వస్తుంది. పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు చేను చూసేవాళ్ళు, ఇల్లు చూసేవాళ్ళు, వాణ్ణీ చూసేవాళ్ళు. అన్నీ బాగున్నాయనేవాళ్ళు. అప్పుడు పిల్ల తల్లి తాగడానికి నీళ్ళడిగేది. సగం గ్లాసు వచ్చేది. సంబంధం ఆ సగం గ్లాసులోనే మునిగిపోయేది. ఇట్లా ఎన్ని మునిగాయో మా అత్త లెక్క పెట్టడం మానేసింది.

ఇది రెండువేల రెండో మూడో సంవత్సరం మాట. వాన మా వైపు దారే మరిచిపోయింది. చెనక్కాయ విత్తనం వేసి ఆకాశం వైపు చూడటమే సేద్యం. తవ్విన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. ఊరికి నీళ్ళు ట్రాక్టరు ట్యాంకరులో వచ్చేవి, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ట్యాంకరు ఆగే చోట ఎండలో ఎవరు నిలబడతారు? అందుకని ఒకరు రాయి పెట్టి పోతారు, ఒకరు తెగిన చెప్పు, ఒకరు పగిలిన కడవ. ఆ వస్తువే ఆ మనిషి. ఆ రాళ్ళకున్న మర్యాద సర్పంచికి కూడా లేదు. ఒకరి రాయిని ఇంకొకరు కాలితో జరిపినందుకు రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు.

నాకు కదిరిలో పాత్రల అంగడి ఉంది. కరువులో బాగుపడే వ్యాపారం ఏదైనా ఉందంటే అది బిందెల వ్యాపారమే. అందుకని మా అత్త రామసుబ్బమ్మ, వానలు పడకపోవడంలో నా చెయ్యి కూడా ఉన్నట్టే నన్ను చూసేది.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. పెళ్ళిళ్ళ మధ్యవర్తి ఓబులేసు ఆ నూరూ మొదటి రోజే ఖర్చు పెట్టేసే రకం. వజ్రకరూరు వైపు నాగప్ప అనే రైతు ఉన్నాడనీ, ఆయన కూతురు హేమ బాగుంటుందనీ, వాళ్ళ ఇంటి ముందర కొళాయి తిప్పితే ఆపడం కష్టమనీ మాకు చెప్పాడు. వాళ్ళకు మా గురించి ఏం చెప్పాడో ఆ వారం చివర్లో తెలిసింది. నాగప్ప నీళ్ళ సంగతి అడిగాడట.

"నీళ్ళా?" అన్నాడట ఓబులేసు. "అన్నా, ఆ గుట్టలో జలపాతమే ఉండాది."

"నేనెప్పుడూ ఇనలేదే?"

"గుప్తంగా ఉండాదన్నా. అడవి లోపల. దోవ తెలిసినోళ్ళకే కనపడతాది. నేను తీస్కపోతా కదా."

నాగప్ప సంతోషించి, అయితే చూసి ఖాయం చేసుకుందామన్నాడు. పిల్ల కూడా వస్తుందన్నాడు. మామూలుగా ఇల్లు చూడటానికి పెద్దవాళ్ళే వస్తారు, పిల్ల రాదు. కానీ హేమ, "మోసేది నేను. నేనే చూస్తా" అన్నదట. ఆ మాట విన్నప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది.

"యాడుండాది ఓబులేసూ, ఆ జలపాతం?" అని మా అత్త అడిగితే వాడు చేతులు కట్టుకుని, "యాడ పెట్టమంటే ఆడ పెడతామక్కా" అన్నాడు.

గుట్ట వెనక పక్క పాత రాళ్ళ క్వారీ ఉంది. దానికి బండి బాట ఉంది. ఆ బాటన ట్యాంకరును పైకి ఎక్కించి, ఇటువైపు నిట్టనిలువు బండ మీదినుంచి పైపు వదిలితే, కింద నిలబడ్డవాళ్ళకు జలపాతం. ఇదీ ఓబులేసు పథకం. విన్న వెంటనే నేను, పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట అని లేచి చెప్పులేసుకున్నాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ గదమాయించే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి, "అల్లుడా, వాడట్లే మిగిలిపోతాడు నాయనా" అన్నది. నేను చెప్పులు విడిచాను.

ట్యాంకరు ఊరందరిది. అందుకని అత్త ఊరిని పిలిచింది. నా కొడుకు పెండ్లి కోసం ఒక్క ట్యాంకరు వదులుకోండని అడిగింది. చిత్రం, అందరూ ఒప్పుకున్నారు. ఎర్రిస్వామి అంటే ఊరికి ఇష్టం. ఎవరి బోరు పనికైనా ముందు దిగేది వాడే. ఆ రోజు బండ దగ్గరికి ఎవ్వరూ బిందె తీసుకురాకూడదని కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరూ దాన్ని ఆర్పి ప్రమాణం చేశారు. అందరికంటే ముందు ఆర్పింది మా అత్తే.

ఆదివారం పొద్దున జీపు వచ్చింది. నాగప్ప, ఆయన వెనక హేమ దిగారు. ఓబులేసు ఎప్పుడో హార్సిలీ హిల్స్‌లో గైడును చూసినట్టున్నాడు. నెత్తిన టోపీ, చేతిలో కర్ర, మెడలో ఈల. మా ఎర్రిస్వామికి మాత్రం ఒకటే ఆజ్ఞ ఇచ్చారు, నోరు తెరవొద్దని. వాడికి అబద్ధం చెప్పడం రాదు. ఏమడిగినా తలూపమన్నారు.

"జాగ్రత్తగా రండప్పా," అన్నాడు ఓబులేసు గుట్ట మొదట్లోనే. "ఈడినుంచి అడవి."

అడవి అంటే తుమ్మ చెట్లు, ముళ్ళ కలే పొదలు, మధ్యలో ఎర్ర మట్టి. నీడ కావాలంటే మన నీడే. మేకలు నాలుగు ఎదురొచ్చాయి. ఓబులేసు కర్ర అడ్డం పెట్టి మమ్మల్ని ఆపాడు.

"గమ్మునుండండి. వీటి ఎనకాలే చిరుత ఉంటాది."

మేకల వెనకాల వాటి కాపరి సుంకమ్మ వచ్చింది. ఓబులేసును ఎగాదిగా చూసి, "ఏమప్పా, టోపీ యాడిది?" అని అడిగి దాటుకుని పోయింది.

నాగప్ప ఇవేవీ చూడలేదు. ఆయన వజ్రకరూరు మనిషి. ఆ వైపు తొలకరి పడితే జనం చేన్లలో వంగి వజ్రాలు వెతుకుతారు. ఏళ్ళ తరబడి అట్లా వెతికిన మెడ ఇంక పైకి లేవదు. ఆయన నేల మీదే కళ్ళు పెట్టి నడిచేవాడు. మెరిసిన ప్రతి రాయినీ ఎత్తి, ఎండకు పెట్టి, నాలుకకు తాకించి, జేబులో వేసుకునేవాడు. అది మాకు కలిసొచ్చింది. ఎందుకంటే వెనకవైపు ట్యాంకరు ఇంకా ఎక్కలేదు. దాని ఇంజను మూలుగు మాకు వినిపిస్తూనే ఉంది.

"అదేం శబ్దం?" అన్నాడు నాగప్ప తల ఎత్తకుండా.

"జలపాతం ఘోష అన్నా," అన్నాడు ఓబులేసు.

"గేరు మారుస్తాండాదే?" అన్నది హేమ.

పొద్దుటినుంచి ఆ పిల్ల మాట్లాడటం అదే మొదలు. ఓబులేసు ఈల వేసి, ముందు లోయ ఉందని అందరినీ ఎడమకు తిప్పాడు. లోయ లేదు. ట్యాంకరు ఎక్కేదాకా కాలక్షేపం కావాలి గనుక ఒక గుండ్రాయి చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి దాన్ని ఏనుగు బండ అన్నాడు. రెండోసారి పాండవులు కూర్చున్న బండ అన్నాడు. మూడోసారి వాడికే పేరు దొరక్క నా వైపు చూశాడు. నాకు మడమ నొప్పి. దీని చుట్టే తిరుగుతున్నాం గనుక ఇది నాలుగు రోడ్ల కూడలి బండ అని చెబుదామనుకున్నాను. ఎర్రిస్వామి ముఖం చూసి ఊరుకున్నాను. వాడి ముఖంలో సిగ్గు, భయం, ఆశ మూడూ చెమటతో కలిసి కారుతున్నాయి.

హేమ ఆ బండ పక్కనే నిలబడి వాణ్ణి అడిగింది. "ఈ బండను మనం ముందే చూసినాం కదా?"

వాడు ఓబులేసును చూశాడు, నన్ను చూశాడు, చివరికి తలూపాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి పైట నోటికడ్డం పెట్టుకుంది. ఎగతాళి నవ్వేమోనని నేను భయపడ్డాను.

నాగప్ప మాత్రం నడకలో తన ఊరి గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నాడు. "మా ఇంటి ముందర కొళాయి ఉండాది చూడండీ, రాత్రంతా కారతానే ఉంటాది. ఆ సద్దుకు నిద్రే పట్టదు. బురదకు బర్రెలు జారి పడతాండాయి."

"అదృష్టం కదన్నా," అన్నాను పళ్ళు బిగించి.

చివరికి ఇంజను శబ్దం ఆగింది. ఓబులేసు ఊపిరి పీల్చుకుని మమ్మల్ని తిన్నగా బండ కిందికి తీసుకుపోయాడు. అక్కడ చూద్దును కదా! నిట్టనిలువు బండ మొదట్లోంచి పొదల దాకా నేల మీద చక్కగా ఒక లైను. రాయి, రాయి, తెగిన చెప్పు, పగిలిన కడవ మూతి, మళ్ళీ రాయి, చీపురు మొండెం. రాత్రికి రాత్రే వచ్చి పెట్టి పోయారు. కర్పూరం ఆర్పిన చేతులతోనే.

"ఇవేంటివి?" అన్నాడు నాగప్ప. నేల మీది సంగతి గనుక ఆయనకే ముందు కనపడింది.

"మొక్కుబడి రాళ్ళన్నా. పూర్వకాలంవి," అన్నాడు ఓబులేసు.

నాగప్ప వంగి, లైనులోని ఒక తెల్లటి రాయిని ఎత్తి ఎండకు పెట్టాడు. పక్క పొదలోంచి ఆడగొంతు లేచింది.

"ఓ పెద్దాయనా! ఆ రాయి నాది, ఆడ పెట్టు!"

నాగప్ప అదిరిపడి రాయి వదిలేశాడు. "ఎవరది?"

"ప్రతిధ్వని," అన్నాడు ఓబులేసు.

"నేనట్ల అనలేదే?"

"ఎప్పుడో ఎవరో అనింటారన్నా. అడవి కదా, ఇప్పుడు ఇనపడతాది."

నేను చుట్టూ చూశాను. పొదలు నిండుగా ఉన్నాయి. కలే పొదల్లో ఊదా రంగు, తుమ్మ చెట్ల వెనక పసుపు, పచ్చ. ఆ రంగులు కాయలవీ కావు, పూలవీ కావు. అన్నీ నా అంగట్లో కొన్న ప్లాస్టిక్ బిందెలే.

ఓబులేసు కర్ర పైకెత్తి, గట్టిగా ఈల వేశాడు. అందరం మెడలెత్తి బండ కొసకు చూశాం. ఏమీ రాలేదు. మళ్ళీ వేశాడు. "గంగమ్మ తల్లీ! దయ చూడు!" అని అరిచాడు.

బండ పైనుంచి ట్యాంకరు డ్రైవరు ఎర్రన్న గొంతు వినపడింది. "ఒక్క నిమిషమన్నా! వాల్వు బిగుసుకునింది!"

"అదెవరు?" అన్నాడు నాగప్ప.

"పూజారి."

నేను దిగులుగా తల దించాను. అప్పుడు చూశాను, హేమ ఒక కాలికే చెప్పుంది. రెండో కాలు కాలే బండ మీద ఉత్తగా ఉంది. నడకలో పట్టీ తెగి ఎక్కడో పారేసుకుని ఉంటుందనుకున్నాను. ఎర్రిస్వామి కూడా చూశాడు. వాడు మాట్లాడకూడదు కదా, తన చెప్పులు రెండూ విడిచి కాలితో మెల్లగా ఆ పిల్ల వైపు తోశాడు. హేమ వాటిని చూసి, వాణ్ణి చూసి, వద్దన్నట్టు తలూపింది. వాడు మళ్ళీ వేసుకోలేదు. ఇద్దరూ ఆ పెనం లాంటి బండ మీద కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు పడ్డాయి నీళ్ళు. ముందు తుప్పు, తరువాత బురద, తరువాత తెల్లటి ధార. బండ అంచున తగిలి విరిగి, ఎండలో మెరుస్తూ కిందికి దూకింది. ఏళ్ళుగా ఎండిన బండ ఒక్కసారి నల్లబడింది. తడిసిన రాతి వాసన వచ్చింది. ఎర్రన్న ట్యాంకరని తెలిసినా చేతులు జోడించాను. ఓబులేసు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నాగప్ప అన్నాళ్ళకు మెడ పూర్తిగా పైకెత్తి నోరు తెరిచాడు.

ఆ సంబరం ఎంతోసేపు ఉండలేదు. పొదలు లేచాయి.

ఊరు ఊరంతా లేచింది. బిందెలు, బకెట్లు, కడవలు, ఒకామె చేతిలో ఇడ్లీ పాత్ర. నీళ్ళు రాతి మీద పడి పోతూంటే ఆ ఊళ్ళో ఎవరు చూడగలరు? తల్లి చస్తానన్నా కదలకుండా ఉండగలరేమో గానీ అది చూస్తూ ఉండలేరు. ఒక్క చుక్క నేలను తాకలేదు. జలపాతం గాలిలోనే ఖాళీ అయిపోతోంది. ఇంత గందరగోళంలోనూ ఎవరి రాయి దగ్గర వాళ్ళే నిలబడ్డారు. నిండిన బిందె వాళ్ళు పక్కకు తప్పుకుంటే లైను ఒక్కడుగు జరుగుతోంది.

"ఓబులేసూ," అన్నాడు నాగప్ప. "జలపాతానికి లైనేందప్పా?"

ఓబులేసు దగ్గర నూరూ అయిపోయాయి. ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పోనీ ఇంతటితో ఆగిందా? ఎదురుగా ఉన్న పెద్ద కలే పొద కదిలింది. ధర్మవరం పట్టుచీర కట్టుకుని, తలలో ముళ్ళతో, చంకలో స్టీలు బిందెతో మా అత్త రామసుబ్బమ్మ బయటికొచ్చింది. ఇంట్లో వంట చూస్తున్నానని చెప్పిన మనిషి. అందరి చేతా కర్పూరం ఆర్పించిన మనిషి. వచ్చినావిడ వచ్చినట్టే లైనులోకి దూరబోయింది. ఎర్రిస్వామి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఏమ్మా, ఎనక్కి పో."

ఆ మాటన్నది హేమ. లైను చివర, చీపురు మొండెం వెనకాల, నడుమున పైట దోపుకుని నిలబడి ఉంది.

మా అత్త తిరిగి చూసింది. "ఎవురే నువ్వు, నన్ను ఎనక్కి పొమ్మనేదానికి?"

"ఎవురైతే ఏం? ఈడ చెప్పు నాది," అన్నది హేమ. కాలితో చూపించింది. నేల మీద, లైనులో, ఆ పిల్ల రెండో చెప్పు ఉంది. మేమంతా మెడలెత్తి వాల్వు కోసం ఎదురుచూస్తున్నప్పుడు పెట్టిందన్నమాట.

నీళ్ళు పట్టుకునేవాళ్ళు పట్టుకుంటూనే తలలు తిప్పారు. ఆ ఊళ్ళో మా అత్తను వెనక్కి పొమ్మన్నవాళ్ళు ఇంతవరకు లేరు. ఈ సంబంధం కూడా మునిగిందనుకున్నాను, అదీ ఈసారి నిజం నీళ్ళలో. మా అత్త ఆ చెప్పును చూసింది. పిల్ల ఉత్తకాలిని చూసింది. తరువాత ఒక్కడుగు వెనక్కి వేసింది.

"చోటుకు చెప్పు పెడితివి సరే," అన్నది. "పట్టుకునేదానికి బిందె యాడ తెస్తివి?"

"మీరిస్తారని," అన్నది హేమ.

మా అత్త చంకలోని బిందె తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. నా పెళ్ళప్పుడు నేను ఆవిడకు పెట్టిన బిందె అది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

నేను నాగప్ప వైపు తిరిగాను. ఇప్పుడు నా వంతు. "ఏమప్పా నాగప్పా, కొళాయి సద్దుకు నిద్ర పట్టని ఇంటి పిల్లకు, లైనులో చెప్పు పెట్టే విద్య ఎట్ల వచ్చె?"

నాగప్ప ఒక బండ మీద కూర్చుని జేబులో రాళ్ళు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. "మాకూ ట్యాంకరేనప్పా," అన్నాడు. "మా వీధిలో అందరి రాళ్ళు కాసేది ఈ పిల్లే. ఇది పోతే మా లైనుకు దిక్కెవరని మా ఊరోళ్ళు ఏడుస్తాండారు."

హేమ వంతు వచ్చేసరికి ధార సన్నబడింది. బిందె సగం నిండీ నిండకముందే తెగిపోయింది. పైనుంచి ఎర్రన్న, "అయిపాయెనన్నా! గంగమ్మ పోయింది!" అని అరిచాడు. హేమ కూర్చుని, జనం లేవకముందు పడి బండ గుంతల్లో నిలిచిన నీళ్ళను దోసిలితో బిందెలోకి ఎత్తింది. ఎర్రిస్వామి వచ్చి ఎదురుగా కూర్చుని రెండో గుంత ఎత్తసాగాడు.

"మళ్ళీ ట్యాంకరు ఎప్పుడొస్తాది?" అని అడిగింది హేమ.

వాడు తల ఊపలేదు. ఆ పొద్దుకు మొదటిసారి నోరు తెరిచాడు. "చెప్పలేం. వస్తే వస్తాది. రాకుంటే నేను గోరంట్లకు పోయి సైకిలు మీద తెస్తా."

"ఇంటికి దగ్గర దోవ లేదా?"

"ఉండాది. ఈ పక్కనే."

ఆ దగ్గర దారిన మేము ఇట్టే దిగిపోయాం. పొద్దుటినుంచి ఓబులేసు తిప్పిన తిరుగుడంతా తలచుకుంటే వాడి కర్రతోనే వాణ్ణి బాదాలనిపించింది. బిందె హేమ చంకలో ఉంది. ఎర్రిస్వామి తీసుకోబోతే ఇవ్వలేదు.

ఊళ్ళోకి వచ్చాక భోజనాలయ్యాయి. నాగప్ప గ్లాసు నీళ్ళడిగాడు. సగం గ్లాసే వచ్చింది. తాగి, మూతి తుడుచుకున్నాడు. అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. జీపెక్కాడు. మా అత్త గడప దగ్గరే నిలబడిపోయింది.

హేమ జీపు దగ్గరికి తిన్నగా పోలేదు. ట్యాంకరు ఆగే చోటికి పోయింది. అక్కడ అప్పుడే కొత్త లైను మొదలైంది. మూడు రాళ్ళు, ఒక డబ్బా. హేమ ఎడమ కాలి చెప్పు విడిచి, డబ్బా వెనకాల పెట్టి, చూసుకుని, ఇంకొంచెం దగ్గరికి జరిపింది. తరువాత వచ్చి జీపెక్కింది.

"చెప్పు మరిచిపోతాండావే!" అన్నాడు నాగప్ప.

"మరిచిపోలేదు నాయనా. పెట్టినా."

నాగప్ప ఒక్క క్షణం కూతురి ముఖం చూశాడు. డ్రైవరుతో పోనీమన్నాడు.

నాలుగైదు రోజులకు ట్యాంకరు వచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. లైను జరిగి జరిగి ఆ చెప్పు దగ్గరికొచ్చింది. వెనకామె దాన్ని చూసి, "ఇదెవురిది? మనిషి లేదు కదా, తీసేయండి" అన్నది.

మా అత్త లైను చివరినుంచి బిందెతో పరుగెత్తుకొచ్చింది.

"ముట్టినావంటే చెయ్యి ఇరిచేస్తా," అన్నది. "అది నా కోడలిది."

ఆ చెప్పు వంతుకు బిందె నింపుకుని, తన వంతుకోసం మళ్ళీ పోయి లైను చివర నిలబడింది.